బౌండరీ మీదోడు

చిన్నప్పుడు అనకాపల్లిలో మా వీధి క్రికెట్లో బ్యాటింగూ బౌలింగూ రానోణ్ణి బౌండరీకి తోసేసేవారు. చాలాసార్లు ఆ శాల్తీని నేనే. బంతి బెల్లం బళ్ళ కింద దూరితే తెచ్చిచ్చే ఉద్యోగం.

రాత్రి సియాటెల్ నుంచి మేనల్లుడు ఓ వీడియో పంపాడు, బేస్‌బాల్ ఆటగాడు ఇచిరో సుజుకిది. ఇచిరో నిలబడేదీ అలాంటి చోటే, రైట్ ఫీల్డ్. జపాన్ నుంచి వచ్చిన కొత్తల్లో, 2001లో, అక్కణ్ణుంచి మూడో బేస్‌కి బంతి విసిరాడు చూడండీ... తాడు కట్టి లాగినట్టు నేరుగా వెళ్ళింది. రన్నర్ అవుట్! 2004లో 262 హిట్లు, 84 ఏళ్ళ రికార్డు గల్లంతు. 2019లో టోక్యోలో ఆఖరి ఆట, వయసు 45. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి 394 ఓట్లలో 393. ఆ ఒక్క ఓటూ వెయ్యనోడెవడో మరి.

త్రో మూడుసార్లు చూశాను. ఊరికే నా భుజం నొప్పెట్టింది.