తగిలించిన కవచం, తొడిగిన కవచం



మా కంచరపాలెంలో గుమ్మం ముందు నిలబడితే సముద్రం కనబడదు. రైలు పట్టాలు, కర్మాగారాల గోడలు, కొండవాలున ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఇళ్ళు, ఇవే కనబడతాయి. అయినా నీటి మీది మమకారం మాకూ తక్కువేమీ కాదు. సెలవు వస్తే ఋషికొండ, భీమిలి. కార్తికం వస్తే వనభోజనాల పేరిట పాపికొండలు. అటువంటి ప్రయాణం మాట వచ్చినప్పుడల్లా నేను ఒకే నియమం చెబుతుంటాను. రేవులో తొడిగిన లైఫ్ జాకెట్టును మళ్ళీ రేవులో దిగిన తరువాతే విప్పాలి, భోజనం వేళ కూడా విప్పకూడదు. దానికి సాధారణంగా వచ్చే జవాబు ఇది: "ఏటి మాస్టారూ, ఆ ఉక్కలో అవి తగిలించుకుని పులిహోర తింటామా? పడవలో ఉంటాయి కదా!"

ఆ 'ఉంటాయి కదా' అన్న మాట గురించే ఈ టపా.

మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. వాక్యంలో క్రియ దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు. 'జాకెట్టు ఉన్నది' అన్న వాక్యం పడవను గురించి చెబుతుంది. 'జాకెట్టు తొడుక్కున్నాడు' అన్న వాక్యం మనిషిని గురించి చెబుతుంది. రేవులో తనిఖీకి వచ్చిన ఉద్యోగి కాగితానికి మొదటి వాక్యం చాలవచ్చు. గోదావరి రెండవదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండిపోచమ్మ గుడి రేవు నుండి పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే బోటు కచ్చులూరు వద్ద మునిగిపోయింది. నది వరద మీద ఉంది. బోటులో డెబ్బయి మందికి పైగా ఉండగా 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. ఒడ్డునున్న గిరిజన గ్రామాలవారు తమ పడవలు వేసుకుని వచ్చి వారిని అందుకున్నారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఎన్నో విఫలయత్నాల తరువాత అక్టోబరు 22న ఆ బోటును బయటికి లాగింది. మృతులలో మన విశాఖవారూ ఉన్నారు. ఆ బోటులో లైఫ్ జాకెట్లు లేకపోలేదు. ఉక్కకు తాళలేకనో, భోజనవేళ అయిందనో చాలామంది వాటిని విప్పేశారని బతికినవారు చెప్పగా పత్రికలలో చదివాము.

దీనికి రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న, కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం పవిత్రసంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. అది కార్తిక ఆదివారం. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుండి వచ్చినవారు. ఆ పడవకు అనుమతి లేదు, ప్రయాణికులకు జాకెట్లూ ఇవ్వలేదు. అక్కడ లోపం యజమానిది, పర్యవేక్షణది. కచ్చులూరులో ఆ లోపాలకు తోడు మరొకటి చేరింది. వస్తువు ఉండీ అది ఒంటిమీద లేకపోవడం. చట్టం మొదటి లోపాన్ని సరిదిద్దగలదు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో బోటింగు రేవుల వద్ద కంట్రోల్ రూములకు 2020లో శంకుస్థాపనలూ జరిగాయి. రెండవ లోపాన్ని మాత్రం ప్రయాణికుడే దిద్దుకోవాలి.

"ప్రమాదం వచ్చినప్పుడు తొడుక్కుంటే సరిపోదా?" అనేవారికి ఒక్క మాట. పడవ ఒరిగేటప్పుడు ముందుగా చెప్పి ఒరగదు. ఒకవైపు వంగగానే కుర్చీలు, సామాను, మనుషులు అందరూ ఆ వైపుకే జారతారు. ఆ బరువుతో అది ఇంకా వంగుతుంది. కొక్కేనికి తగిలించిన జాకెట్టు అప్పుడు ఎక్కడ ఉంటుందో ఎవరికి తెలుసు? చేతికి దొరికినా, నీటిలో మునుగుతూ తేలుతూ పట్టీలు బిగించుకోవడం ఈతగాడికే కష్టం. నిజానికి మనిషికి కావలసిన సాయం ఎంతో లేదు. మన శరీరం నీటిలో దాదాపు తేలేదే. తల నీటిపైన నిలవడానికి చాలామంది పెద్దలకు అదనంగా మూడు నుండి ఐదున్నర కిలోల తేలుడుబలం చాలు. అంత చిన్న సాయం సమయానికి అందకనే నిండు ప్రాణాలు పోతున్నాయి.

కర్ణుడి కవచం కథ మనందరికీ తెలిసిందే. అది పుట్టుకతో ఒంటికి అంటుకుని వచ్చింది. దేవేంద్రుడంతటివాడు బ్రాహ్మణవేషంలో వచ్చి యాచిస్తేగాని అది ఊడలేదు. కర్ణుడు దానిని ఒలిచి ఇచ్చి దాతగా కీర్తి పొందాడు. మనం మన కవచాన్ని ఎవరికి దానం చేస్తున్నాం? ఉక్కపోతకు, ఫొటోలో అందంగా కనబడాలన్న కోరికకు. యాచించినవాడూ లేడు, దక్కే కీర్తీ లేదు.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలలో కొందరు సొంతంగా చిన్న పడవలు కొనుక్కుని సెలవుదినాలలో సరస్సులకు వెళుతున్నారు. అక్కడి తీరరక్షక దళం లెక్కల ప్రకారం 2022లో పడవ ప్రమాదాలలో మరణించినవారిలో నూటికి 75 మంది నీట మునిగి పోయినవారు. అలా మునిగినవారిలో నూటికి 85 మంది జాకెట్టు తొడుక్కోలేదు. ప్రతి మనిషికీ ఒక జాకెట్టు పడవలో ఉండాలన్నది అక్కడి సమాఖ్య నియమం. 13 ఏళ్ళలోపు పిల్లల విషయానికి వచ్చేసరికి మాత్రం, పడవ కదులుతున్నంతసేపూ వారు దానిని తొడుక్కునే ఉండాలి. మూసిన గదిలో ఉన్నవారికి మినహాయింపు. రాష్ట్రాలు వేరే నియమం పెట్టుకుంటే అక్కడ అదే వర్తిస్తుంది. చూశారా, ఆ చట్టంలోనూ రెండు క్రియలే! పెద్దలకు 'ఉండాలి', పిల్లలకు 'తొడగాలి'. మునిగినవారి లెక్క చూస్తే పెద్దలకు కూడా రెండవ క్రియే వాడితే బాగుండునని నాకు తోస్తుంది.

అక్కడ పడవను ఇంటి వాకిట ఉంచుకుని, కారు వెనుక రెండు చక్రాల ట్రైలరు మీద సరస్సుకు లాక్కుపోతారు. మా మేనల్లుడు తన ట్రైలరు చూపించి, "మామయ్యా, బరువులో నూటికి పది నుండి పదిహేను వంతులు ముందు కొక్కెం మీద ఆనాలి" అన్నాడు. అది విని నాకు మా ఊరి ఎడ్లబండి గుర్తుకు వచ్చింది. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడకు ఉరి అవుతుంది. ముందు ఎక్కువైతే ఎడ్లు కుంగుతాయి. ట్రైలరుకూ అంతే. వెనుక బరువైతే వేగంలో పాములా ఊగి కారునే రోడ్డు మీద నుండి తోసేస్తుంది.

అక్కడా ఈ 'ఉంది కదా' అన్న వ్యాధి ఉందట. కొక్కెం ఊడినా బండి విడిపోకుండా రెండు గొలుసులు ఉంటాయి. వాటిని కొక్కెం కింద అడ్డంగా దాటించి తగిలించాలి. తగిలించకపోతే అవి నేల మీద ఈడ్చుకుపోయే ఇనుము మాత్రమే. పడవ అడుగున నీరు పోయే రంధ్రానికి ఒక బిరడా ఉంటుంది. దానిని జేబులో పెట్టుకుని పడవను నీటిలోకి దింపి, కళ్ళముందే అది నిండుతుంటే కంగారుపడేవారు ప్రతి వేసవిలోనూ ఉంటారట. గొలుసు ఉంది, బిరడా ఉంది, జాకెట్టు ఉంది. ఏదీ దాని చోట లేదు.

తొడగడంలోనూ తొడగడం వేరు. మన దగ్గర ఒక విహారస్థలంలో నా చేతికిచ్చిన జాకెట్టుకు ఒక పట్టీ తెగిపోయి ఉంది. వేరొకటి అడిగితే, "ఎంతసేపు బాబుగారూ, పది నిమిషాలే" అన్నారు. అడిగి మార్పించుకున్నాను; మీరూ మొహమాటపడకండి. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది పెద్దదైనట్టే, నీటిలో మనిషి దానిలోంచి జారిపోతాడు. పిల్లలకు పెద్దల జాకెట్టు పనికిరాదు. వారి బరువుకు తగినది, కాళ్ళ మధ్య నుండి పట్టీ ఉన్నది కావాలి. అది లేదంటే పిల్లలను ఆ పడవ ఎక్కించవద్దు.

ఈ చివరి మాట మీలోని ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదరలో హర్ణి చెరువులో పడవ బోల్తాపడి విహారయాత్రకు వచ్చిన 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయినులు చనిపోయారు. పడవలో పట్టవలసినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు. పిల్లలలో చాలామందికి జాకెట్లు లేవు. ఆ వార్త చదివిన రాత్రి నేను తీసుకువెళ్ళిన విహారయాత్రలన్నీ వరుసగా కళ్ళముందు కదిలాయి. హాజరుపట్టీలో పేర్లు పిలిచి లెక్కపెట్టి బస్సు ఎక్కించడం మనకు బాగా తెలుసు. రేవులో మాత్రం పేరుతోపాటు ఒక్కొక్క పట్టీని మన చేత్తో లాగి చూసి, అప్పుడు 'హాజరు' వేయండి. జాకెట్టు తక్కువైతే పిల్లలను రెండు విడతలుగా పంపండి. అదీ కుదరకపోతే ఒడ్డున కూర్చోబెట్టి కథ చెప్పండి. అలిగిన పిల్లవాణ్ణి సాయంత్రానికి ఊరడించవచ్చు.

స్వస్తి.