చదువు నిషిద్ధమైన రాజ్యము



నవలలు కాలక్షేపమునకే యని కొందఱు పెద్దలు చెప్పుదురు. కాని కొన్ని నవలలు చదువరుల బ్రదుకునే తక్కెడలోఁ బెట్టి తూఁచును. కెనడా దేశపు రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లోఁ బ్రకటించిన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' అట్టిది. అయిజలో మేము కొందఱము స్త్రీలము కూడి, ఇంగ్లీషు వచ్చిన యొకామె యర్థము చెప్పుచుండఁగా దీనిని మధ్యాహ్నపువేళల వింటిమి.

అందు గిలియడ్ అను రాజ్యము కలదు. అచ్చట స్త్రీల యుద్యోగములును, బ్యాంకులోని సొమ్మును ఒక్కనాఁటితోఁ బోవును. కథ చెప్పు స్త్రీకిఁ దన పేరైనను నిలువదు. తన్నేలు పురుషుని పేరే యామెకుఁ బేరగును. స్త్రీలు చదువరాదు గనుక నంగళ్ల పలకలమీఁద నక్షరములకు మాఱు బొమ్మలే యుండును. చరిత్రలో నెక్కడను జరుగనిదానిని తానందుఁ జేర్పలేదని రచయిత్రియే చెప్పియున్నారు.

మనవారికిని ఇట్టి యూహలు క్రొత్తవి కావు. 19వ శతాబ్దిచివర కందుకూరి వీరేశలింగముగారు 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'లో స్త్రీలు పాలింపఁగాఁ బురుషులు అణఁగియుండు దేశమును జూపి మగవారి చేతికి నద్దమిచ్చిరి. 1905లో రొకియా సఖావత్ హుస్సేన్‌గారు 'సుల్తానాస్ డ్రీమ్' అను కథలోఁ బురుషులనే ఘోషాలో నుంచిరి. తెలుఁగింటఁ బుట్టిన కమలా సత్యనాథన్‌గారు మద్రాసునుండి నడపిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో నది వెలువడెను.

మాలోఁ బెద్దావిడ యొకరు, "చదువవలదని మన కెవ్వరు చెప్పిరమ్మా? మన గద్వాలను ఆదిలక్ష్మీదేవమ్మగారు ఏలలేదా?" అని యడిగిరి. 1924 పిమ్మట నా మహారాణి పాలించిన మాట నిజమే. కాని యొక స్త్రీ సింహాసనమెక్కుట వేఱు; ప్రతి బాలికయు పలకముందుఁ గూర్చుండుట వేఱు. 2011 జనగణనలో నిప్పటి మా జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతమున నక్షరాస్యులు నూటికి 50 మందియైన లేకుండిరి. స్త్రీలలో నింకను దక్కువ.

దీనికొక కారణము మా చేలలోనే యున్నది. ఈ సీమ విత్తనపు ప్రత్తికిఁ బేరు పొందినది. సాయంకాలము మొగ్గ నొలిచి పుప్పొడి భాగమును దీసివేయవలెను. మఱునాఁటి యుదయమున వేఱొక రకపు పూవు పుప్పొడిని దాని కంటింపవలెను. దీనినే క్రాసింగ్ అందురు. చిన్నవ్రేళ్లు సుకుమారములనియు, చిన్నవారి కూలి చౌక యనియు నేండ్లతరబడి బాలికలనే పిలిచిరి. 2009లో నిర్బంధవిద్యాచట్టము వచ్చినది. బాలిక చదువరాదను శాసనము మనకు లేదు. అయినను "ఈ పూఁత గడవనీ, పిదప బడికిఁ బోవచ్చును" అను మాట యొక్కటి చాలును. గిలియడ్ ఒక్కనాఁడు లాగుకొన్నదానిని మనము దినమున కింతగా విడుచుచున్నాము.

మాలో నొకామె తన 7వ తరగతి కూఁతును ఆ యేఁడు చేనికిఁ బంప నిశ్చయించియుండెను. గిలియడ్‌లో నొక యధికారి కథానాయికతో రహస్యముగా నక్షరముల యాట లాడు ఘట్టము విని, "అక్షరము లంత రుచిగా నుండునా?" అని యామె చాలసేపు మాటాడక కూర్చుండెను. మఱునాఁడు పిల్ల బడికిఁ బోయెను. ఆ పనిని మేము తలకొక యుదయముగాఁ బంచుకొంటిమి. అయినను గొంత పని నిలిచిపోయెను. ఆ నష్టమును తల్లి మోసెను.

కావున, సోదరులారా, మీ యింటఁ బని మీఁదఁ బడినప్పుడు మొట్టమొదట నెవరి బడి యాగుచున్నదో చూడుఁడు. ఆ పేరు ప్రతిసారి యాఁడపిల్లదే యైనచో, గిలియడ్ మన గడపకు దూరము కాదని యెఱుఁగవలెను.