చలి కన్నా చెమటే ముప్పు!

సెప్టెంబరు నెల, తెల్లవారుజాము 4 గంటలు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల మీద 3,000 మీటర్ల ఎత్తున ఓ గుడారం. బయట గడ్డి మీద తెల్లగా మంచు. విల్లంబులతో ఎల్క్ వేటకు బయల్దేరాల్సిన మనిషి బట్టలన్నీ ముందేసుకుని ఆలోచిస్తున్నాడు. ఏవి తొడుక్కోవాలి? ఏవి సంచిలో పెట్టుకోవాలి?

ఎల్క్ మన కణుజు లాంటిదే, ఇంకా పెద్దది. మన దేశంలో 1972 నాటి చట్టం వేటను నిషేధించింది. అక్కడ మాత్రం లైసెన్సు తీసుకుని, కేటాయించిన రోజుల్లో వేటాడొచ్చు. విలుకాళ్ల వంతు సెప్టెంబరులో వస్తుంది. పొద్దున గడ్డకట్టే చలి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రానికి వాన... ఒక్కోసారి మంచు కూడా. అన్నీ ఒక్కరోజులోనే!

కొత్తవాళ్లు చలేస్తోంది కదాని ఉన్నవన్నీ ఒంటిమీద వేసేసుకుంటారు. కొండెక్కడం మొదలెట్టిన కాసేపటికే ఒళ్లంతా చెమట. పైకెళ్లాక కదలకుండా కూర్చోవాలి. అసలు చలి అప్పుడు మొదలవుతుంది. నీరు ఒంట్లోని వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది మరి. అందుకే అనుభవజ్ఞులు కాస్త వణుకుతూనే నడక మొదలెడతారు. ఆగాకే మరో పొర తొడుక్కుంటారు.

ఒంటిని అంటుకుని పల్చటి ఉన్ని బనీను. నూలుదైతే చెమట పీల్చుకుని ఓ పట్టాన ఆరదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్నిస్తుంది. మన గొర్రెల కాపరులు వానలోనూ గొంగడిని వదలకపోవడానికి కారణం ఇదే. దానిమీద ఫ్లీస్ చొక్కా, కూర్చున్నప్పుడు ఈకలు నింపిన కోటు. వాన, గాలి ఆపే పైచొక్కా సంచిలో సిద్ధంగా ఉండాలి.

తుపాకీ వేటగాడికి లేని చిక్కులు విలుకాడికి రెండున్నాయి. జంతువుకి 30, 40 మీటర్ల దగ్గరకెళ్లాలి. ఆ దూరంలో చొక్కా గరగరమన్నా అది పారిపోతుంది. ఇక చేతి దగ్గర బట్ట వదులుగా ఉంటే వింటినారి దానికి తగిలి బాణం గురి తప్పుతుంది.

గురి తప్పడమంటే వేట పోవడమొక్కటే కాదు. కొయ్యబారిన వేళ్లతో వదిలిన బాణం గాయం చేసి ఊరుకుంటే, ఆ మూగజీవి అడవిలో ఎక్కడో గంటల తరబడి విలవిల్లాడుతుంది. వేటగాడికీ అపాయమే. ఒంటి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే వేళ్లు తడబడతాయి, ఆలోచన మందగిస్తుంది. ప్రమాదంలో ఉన్నానన్న సంగతే మనిషికి తెలియదు.

ఈ పొరల కిటుకు ఇప్పటిది కాదు. 1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దున ఆల్ప్స్ మంచులో ఓ శవం బయటపడింది. వయసు దాదాపు 5,300 ఏళ్లు! 'ఓట్జీ' అని పేరుపెట్టారు. పక్కనే ఇంకా చెక్కడం పూర్తికాని విల్లు, అమ్ములపొది. ఒంటిమీద మేక, గొర్రె తోళ్లు కలిపి కుట్టిన కోటు, కాళ్లకు విడిగా మేకతోలు తొడుగులు, తలకు ఎలుగుబంటి చర్మం టోపీ, బూట్లలో ఎండుగడ్డి.

అతని ప్రాణం తీసింది చలి కాదు. ఎడమ భుజంలో దిగిన బాణమని 2001లో తేలింది. ఆ మంచుకొండను మాత్రం అతని బట్టలు గెలిచాయి.

గుడారంలోని మనిషి బరువైన కోటును మడిచి సంచిలో పెట్టాడు. పల్చటి చొక్కాతో, వణుకుతూనే బయటికి అడుగేశాడు.