బొమ్మరిల్లు

చిన్ననాఁట మనమందఱము బొమ్మరిండ్లు కట్టినవారమే. అగ్గిపెట్టెలు మంచములు, చింతపిక్కలు పిల్లలు, కొబ్బరిచిప్ప వంటపాత్ర. చదువునకై దూరదేశమం దున్న మా యమ్మాయి నేఁటికిని ఆ యాటనే కంప్యూటరులో నాడుచున్నది. దాని పేరు ‘ది సిమ్స్’. “వండుట, తినుట, గిన్నెలు కడుగుట, ఇంటి పని చాలకనా, ఆటలోఁ గూడ?” అని మేము గేలి చేసితిమి.

దాని పుట్టుక విన్న పిదప మా గేలి కొంత తగ్గినది. 1991లో అమెరికాయందలి ఓక్లండు కొండలలో అగ్ని రేఁగి వేలకొలఁది యిండ్లు కాలిపోయెను. విల్ రైట్ అను ఆటల రూపకర్త యిల్లును అందు నశించెను. సంసారమును మరల సమకూర్చుకొనుచు, మనుష్యునకు నిజముగాఁ గావలసిన వేవి యని యాయన ఆలోచింపసాగెను. ఆ యాలోచన నుండియే 2000లో ఈ యాట వెలువడినది. ఇందు గెలుపోటములు లేవు. బొమ్మ మనుష్యులకు ఆఁకలి, నిద్ర, స్నానము, తోడు కొఱవడకుండఁ జూచుకొనుటయే పని. 2004 నాఁటి రెండవ భాగములో వారికి వార్ధక్యమును, తలిదండ్రుల పోలికలును గలిగినవి. వారి పలుకు ఏ దేశపు భాషయుఁ గాదు. కావున పరాయిదిగాఁ దోఁపదు.

ఇప్పుడు పోటీదారులు వచ్చుచున్నారు. 2025లో దక్షిణ కొరియా వారి ‘ఇన్‌జోయ్’ వచ్చినది. అందలి ముఖములు ఛాయాచిత్రములను దలపించును. ‘లైఫ్ బై యు’ అనునది 2024లో వెలువడక మునుపే విరమింపఁబడినది. 2014 నాఁటి నాల్గవ సిమ్స్ ‘ఇన్‌జోయ్’ ముందు వట్టి బొమ్మలాటవలె నుండును. 2022 నుండి మూలపు ఆట ఉచితమే కాని, అదనపు భాగములకు వేఱుగ వెల యీయవలెను. అయినను అమ్మాయి దానిని విడువదు. ఏల విడువదో మాకు మొన్నటి దాఁక బోధపడలేదు.

మా పుట్టినింటిని గడచిన యేఁట అన్నదమ్ములు అమ్మివైచిరి. మా యమ్మ కన్నుమూసిన మండువా లోఁగిలి యది. మొన్న నొక రాత్రి అమ్మాయి ఫోనులో “చూడమ్మా!” అనినది. నాలుగు ప్రక్కల వసారాలు, నడుమ ఆకాశము! తులసికోటకు మాఱుగా నొక పూలకుండీ. వసారాలో నొక ముసలి బొమ్మ కూరుచుండి యున్నది.

“అమ్మమ్మ,” అనెను అమ్మాయి.

ముఖమున నేమంత పోలిక లేదు. ఛాయాచిత్రమువలె నుండినచో ముక్కు తప్పినది, కన్ను తప్పినదని వంకలు పెట్టి యుందుము. బొమ్మ గనుక, తక్కువైన దానిని మా మనస్సే పూరించుకొన్నది. చింతపిక్కను బిడ్డగాఁ జూచిన కన్నులే కదా యివియు!

బొమ్మ లేచి నెమ్మదిగా వంటయింటివైపు నడచినది. గేలి చేసిన మా నోటనే అప్రయత్నముగ వెలువడినది:

“అమ్మకు ఆఁకలి వేయుచున్నదేమో, చూడవే!”