సువర్ణభూమి అంటే తెలియదట!

బ్యాంకాక్ విమానాశ్రయం పేరు సువర్ణభూమి. దిగగానే బోర్డు మీద ఆ పేరు చదివి, మనవాళ్లెవరో పెట్టినట్టుందే అని మురిసిపోయాను. తీరా తిరుగు ప్రయాణం రోజున టాక్సీ ఎక్కి ‘సువర్ణభూమి’ అంటే డ్రైవరు తెల్లమొహం వేశాడు. గట్టిగా చెప్పాను, ఒత్తు పలికించి మరీ చెప్పాను. చివరికి రెండు చేతులూ చాపి విమానంలా ఊపితే ‘ఓ, సువన్నఫూమ్!’ అని పకపకా నవ్వాడు.

వచ్చిన రోజు మాత్రం టాక్సీ జోలికి పోలేదు. మీటరు మీద విమానాశ్రయం రుసుము 50 బాత్, టోలు డబ్బులూ మనవే. పైగా సాయంత్రం పూట అక్కడి ట్రాఫిక్ ముందు మన అమీర్‌పేట ఏపాటి! కింది అంతస్తుకి దిగితే రైలుంది. 2010లో మొదలైంది. 45 బాత్‌లకి అరగంటలో ఫయాథాయ్‌లో దింపేసింది. టికెట్టు బదులు క్యారమ్స్ కాయిన్ లాంటి ప్లాస్టిక్ బిళ్ల ఇస్తారు. ఎక్కేటప్పుడు గేటుకి ఆనించాలి, దిగాక గేటులోనే వేసెయ్యాలి. నేను దాన్ని చిల్లరతో కలిపి జేబులో పడేశాను. గేటు దగ్గర వెనక జనం చూస్తుండగా ఒక్కో నాణెమూ తీసి చూసుకోవాల్సొచ్చింది.

ఫయాథాయ్‌లో స్కైట్రైన్ ఎక్కాను. ‘సథానీ’ అంటూ వచ్చే స్టేషన్ పేరు చెబుతుంటారు. మన ‘స్థానమే’ అది. సయామ్‌లో దిగి ప్లాట్‌ఫామ్ అవతలి అంచున ఇంకో రైలెక్కితే సఫాన్ తాక్సిన్. మెట్లు దిగితే చావ్ ఫ్రయా నది, సాథోన్ రేవు.

ఈ ఊరు తిరగాలంటే పడవ తర్వాతే ఏదైనా. నీలం జెండా పడవ టూరిస్టులది, ఖరీదెక్కువ. నారింజ జెండాది ఊళ్లోవాళ్లది. నేను వెళ్లినప్పుడు ఎక్కడ దిగినా 16 బాత్. రేవు దగ్గర పడుతుంటే వెనక నిలబడ్డ కుర్రాడు ఈల వేస్తాడు, ఆ ఈలను బట్టే నడిపేవాడు పడవని ఒడ్డుకి ఒరిపిస్తాడు. తాడు స్తంభానికి చుట్టడం, జనం గబగబా దూకడం, తాడు విప్పడం అంతా క్షణాల్లో అయిపోతుంది. తడబడితే పక్క రేవులోనే దిగడం. కండక్టరమ్మ చేతిలో పొడవాటి రేకు గొట్టం, అందులోనే నాణేలూ టికెట్లూ. దాన్ని టకటకలాడిస్తూ వస్తుంటే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. పడవలో బౌద్ధ భిక్షువులకి విడిగా చోటుంది. ఆడవాళ్లు వాళ్లకి తగలకుండా ఒదిగి నడవడం చూశాను.

థా తియెన్‌లో దిగి, బల్లకట్టు లాంటి పడవలో ఎదురొడ్డుకి వెళ్తే వాట్ అరుణ్. వాట్ అంటే గుడి, అరుణ్ మన అరుణుడే. గోపురం నిండా పింగాణీ ముక్కలు పొదిగారు. దగ్గరికెళ్తే పువ్వుల రేకులన్నీ పగిలిన పళ్లేల పెంకులే.

తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో పాస్‌పోర్టు తనిఖీ దాటాక క్షీరసాగర మథనం శిల్పం కనిపిస్తుంది. వాసుకికి అటు దేవతలు, ఇటు రాక్షసులు. చూడకుండా గేటుకి పరిగెత్తకండి. దానికంటే ముందు, వెళ్లాల్సిన చోట్ల పేర్లు థాయ్ లిపిలో ఫోన్‌లో దాచుకోండి. మన ఉచ్చారణని నమ్ముకుని టాక్సీ ఎక్కకండి.