ఖర్జూరం గింజలు

"వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?" అన్నాడు డాక్టర్. "తిరానవే" అన్నారు అబ్బా. అందులోంచి మళ్లీ ఏడు? అబ్బా నా వైపు చూశారు. ఉర్దూ మీడియం బడిలో వందల మంది పిల్లలకు పహాడే నేర్పిన మనిషి. నాకూ ఆయనే ఉస్తాద్. ఆ చూపులో ఉన్న షరమ్ నేనింకా మరిచిపోలేదు.

గడియారం గీయమంటే అంకెలన్నీ ఒక పక్కకే పోయాయి. థైరాయిడ్, బీ12 బాగానే ఉన్నాయి. స్కాన్ కూడా చూసి, అల్జీమర్స్ అన్నాడు డాక్టర్, డిమెన్షియాలో మొదటి దశ అని. నాతో అన్నాడు. పక్కనే కూర్చున్న అబ్బాతో ఒక్క మాటా లేదు. నేను మాత్రం ఏం వెలగబెట్టాను? ఆటోలో "క్యా బోలే బేటా?" అనడిగితే "కమ్జోరీ బోలే అబ్బా, గోలియా దియే" అన్నాను.

పదిహేను రోజులు ఆ ఝూట్ మోశాను. ఒకరోజు ఇషా వేళ జానమాజ్ పక్కన నాలుగు ఖర్జూరం గింజలు కనిపించాయి. రకాత్ అయినప్పుడల్లా ఒక గింజ పక్కకు జరుపుతున్నారు. మోకాళ్ల నొప్పులని మస్జిద్‌కు పోవడం మానేశారనుకున్నాం. నొప్పి మోకాళ్లలో కాదు. ఆయనకు మాకంటే ముందే తెలుసు. ఒక్కరే మోసుకుంటున్నారు.

ఆ రాత్రే చెప్పేశాను. చాలాసేపు తస్బీ తిప్పుతూ కూర్చుని, "మై పాగల్ హో జాతా క్యా?" అన్నారు. పిచ్చి కాదబ్బా, దిమాగ్‌కు వచ్చిన బీమారీ అన్నాను. మందులు కొంత ఆసరా, పూర్తిగా నయం చేసేవి కావు. నిన్నటివి ముందు జారిపోతాయి, చిన్నప్పటివి చాలాకాలం ఉంటాయి. చెబుతూ చెబుతూ నేనే ఏడ్చేశాను. ఆయనే నా తల మీద చెయ్యేశారు. తెల్లారి పెన్షన్ కాగితాలు ముందేసుకుని, ఏది ఎవరి చేతికివ్వాలో, ఎవరికి చెప్పాలో ఆయనే తేల్చారు. మేం నలుగురు అన్నదమ్ములం కూర్చుని తేల్చేస్తే ఎంత పాపమయ్యేదో.

చుట్టాల సంగతి చెప్పకపోతే ఎట్లా. గడప దాటగానే "మై కౌన్ బోలో మామూ?" అని ఇమ్తెహాన్ పెడతారు. ఇప్పుడు గుమ్మంలోనే చెబుతున్నాను: ముందు మీ పేరు మీరే చెప్పండి. ఒక ఫుప్పూ తావీజ్ తెచ్చింది, కట్టించుకున్నాం. గోలీలు మాత్రం ఆపలేదు.

నాదీ తప్పుంది. అడిగిందే నాలుగోసారి అడిగితే "అభీచ్ బోల్యా నా అబ్బా!" అని అరిచాను. ఆ సాయంత్రమంతా ఆయన ఇంకేం అడగలేదు. ఆ నిశ్శబ్దం కంటే నాలుగు వందల సార్లు అడగడమే నయం.

మస్జిద్ సంగతి ఆయన దోస్త్ ఖాలూ తేల్చాడు. బట్టలు కుట్టి బతికిన మనిషి, పెద్దగా చదువుకోలేదు. "ఇంట్లో ఒక్కడివే చదివితే లెక్క నీది. జమాత్‌లో లెక్క ఇమామ్‌ది. నువ్వు నా పక్కన నిలబడు చాలు" అన్నాడు. మరిస్తే సజ్దా-ఎ-సహ్వ్ ఉంది కదా, మనిషి మరిచిపోతాడని ముందే తెలిసి పెట్టినట్టు ఉంది కదా అన్నాడు. అబ్బా చాలా రోజుల తర్వాత నవ్వారు.

ఇప్పుడు రోజూ అసర్‌కు "చలో ఉస్తాద్" అని గుమ్మంలో కేక వినిపిస్తుంది. అబ్బా టోపీ కోసం వెతుక్కుని, ఖాలూ చెయ్యి పట్టుకుని వెళ్తారు. గింజలు మాత్రం ఇంకా జేబులోనే ఉన్నాయి.