పాత జీపు - క్రొత్త తొట్టి

వస్తువు నమ్మువాడు దాని గుణములను జెప్పిన జాలుననియు, దోషములను వెదకికొనుట కొనువాని పని యనియు మనలో ననేకులు తలంచుచున్నారు. పశువుల సంతలోని యీ నీతి మోటారుబండ్ల బేరములలోనికిని వచ్చినది. పాతబండిని బాగుచేయించి యమ్మువారి విషయమున నిది మఱింత చిత్రముగ నుండును. అచ్చట దోషమును గాక, బాగుచేసిన పనినే దాచుదురు!

మాయొద్ద విల్లీసు జీపొకటి యుండెడిది. 1941 మొదలు 1945 వఱకు అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు రెండును గలిసి సైన్యముకొఱ కిట్టివి ఆఱు లక్షలకు పైగా జేసెను. యుద్ధానంతరమున సైన్యము వదలుకొన్న బండ్లు మన దేశమున నమ్మకమునకు వచ్చినవి. 1947లో మహీంద్రావారు బొంబాయిలో జీపులను గూర్చ నారంభించిరి. కావున మన జీపులలో నొకదాని యెముకలకు మఱియొకదాని మాంసము చేరుట వింతగాదు. మాదాని ఛాసీ విల్లీసుది. ముందరి యడ్డకమ్మి గుండ్రని గొట్టమై యుండుటయే గుర్తు. ఫోర్డుదైనచో నది బోర్లించిన దోనెవలె నుండును. ఇంజను మాత్రము మహీంద్రావారు తరువాతి కాలమున జేసినది. యుద్ధకాలపు టింజనులో వాల్వులన్నియు బ్లాకునందే యుండును. దీనిలో గాలిని లోనికి విడుచునవి హెడ్డులోని కెక్కినవి. ఇక తొట్టి యంతయు విజయవాడ ఆటోనగరులో నొక మేస్త్రీ క్రొత్త యినుపరేకుతో జేసినదే. తుప్పుపట్టిన పాతతొట్టి నెదుట బెట్టుకొని, మూలమూలకును అట్టముక్కలు గత్తిరించి కొలతలు దీసి, అతడు పదునొకండు నెలలు శ్రమపడెను.

మా యెడమ మోకాలు క్లచ్చి నొక్కుటకు మొరాయించుటచే బండి నమ్మ నిశ్చయించితిమి. మధ్యవర్తి యొకడు వచ్చి, 1944 అని చెక్కిన లోహపుపలకను దెప్పించి డాష్‌బోర్డునకు బిగించిన తొమ్మిది లక్షలు వచ్చుననియు, తొట్టిమాట యెత్తవలదనియు నుపదేశించెను. అట్టి పలకలను క్రొత్తగా జేసి యమ్మువారు గలరు. ఆ మాట విని ప్రక్కనే యున్న మేస్త్రీ, "ఏమి బాబుగారూ! నేను జేసిన తొట్టి దొంగసొత్తా, దాచి యమ్ముటకు?" అనెను. మధ్యవర్తి నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

ఇది మేస్త్రీ గౌరవముతో ముగియు విషయముగాదు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలచే 50 ఏండ్లు దాటిన బండికి 20,000 రూపాయల రుసుముపై వింటేజి రిజిస్ట్రేషను దొరకును. అయితే ఛాసీ, తొట్టి, ఇంజనులయందు ముఖ్యమైన మార్పు జరిగియుండరాదు. మా బండి యా పరీక్షకు నిలుచునది గాదు. మేము మౌనము వహించిన, కొన్నవాడు సొమ్ము పోసి కార్యాలయమున దలవంచుకొనవలసి వచ్చును.

పాతది యేదో, క్రొత్తది యేదో కాగితముపై వ్రాసి వచ్చినవారి కందఱకును జూపితిమి. చదువరులలో గొందఱు దీనిని చాదస్త మందురు గాక! మొదట వచ్చినవాడు రెండవ పంక్తితోనే వెడలిపోయెను. రెండవవాడు కాగితమును జింపినయెడల మంచిధర యిత్తుననెను. వానికి మఱల నమ్ముకొను నుద్దేశ మున్నట్లు తోచెను.

తుదకు పాడేరువైపున గాఫీతోట గల యొక గృహిణి వచ్చినది. కాగితమును నిదానముగ జదివి, బండిక్రింద దూరి చూచి, ముందుచక్రములకు బలము గలుపు లీవరును తానే వేసి, తడిమట్టి గట్టుమీది కెక్కించినది. వింటేజి బండిని నిత్యము వాడ వీలులేదు గనుక ఆ గౌరవముతో నామెకు బనిలేదు. "ఏమండీ, ఈ రేకు కొట్టిన దెవరు?" అని మాత్ర మడిగినది. 6,25,000 రూపాయలకు బేరము కుదిరెను.

29, 30 ఫారములపై సంతకములు పెట్టుదినమున మేస్త్రీయు వచ్చెను. కాగితమును జదివించుకొని, ఎడమ సీటుక్రింద జానెడు పాతరేకు గట్టిగా నుండుటచే దాను తీయలేదనియు, అదియు వ్రాయవలెననియు జెప్పెను. వ్రాసి యామెకిచ్చితిమి.